చెయ్యి జారిన గ్లాసు

బార్తా కుర్చీలో కూర్చుని పావుగంట కాలేదు, గుర్రు మొదలుపెట్టింది.

ఆ మంగళవారం యూదిత్ కడుపు చూడటానికి వచ్చిన మంత్రసాని ఆవిడ. చూసింది, బిడ్డ తల కిందికి తిరిగిందని చెప్పింది, ఇంకో మూడు వారాలు పడుతుందని చెప్పి చేతులు కడుక్కుంది. "కాసేపు పొయ్యి దగ్గర కూర్చుంటానమ్మా, కన్ను మూసి రెండు రాత్రులైంది" అంది. యూదిత్ పాలు వెచ్చబెట్టి తెచ్చేలోపు ఆవిడ తల కుర్చీ వీపు మీదికి వాలిపోయింది. నోరు తెరుచుకుంది. కుడి చెయ్యి పక్కకి జారి వేలాడుతోంది.

యూదిత్ మొగుడు, బొమ్మలు గీసే హూబెర్ట్ పండగ చేసుకున్నాడు. ఈ మనిషికి ఏది చూసినా ముందు బొమ్మ కనపడుతుంది, తర్వాతే అందులో మనిషి. ఓక్ పలక మీద, క్రిస్మస్ వెనకాలే వచ్చే మూడు రాజుల పండగ విందు దాదాపు పూర్తికావచ్చింది. కాగితం కిరీటం పెట్టుకున్న లావుపాటి రాజు, వాయులీనం వాయించేవాడు, బల్ల మీద కోసిన కేకు, బల్ల కింద ఎముక కోసం కొట్టుకునే రెండు కుక్కలు, అన్నీ కుదిరాయి. ఎడమ మూల మాత్రం నెల రోజులుగా బోసిగా ఉంది. విందులో అలిసిపోయి నిద్రపోయిన ముసలిది ఒకతి అక్కడ కావాలి. అడిగితే ఏ ముసలిదీ ఒప్పుకోదు, ఒప్పుకున్నా నిద్ర నటిస్తుంది. నటించిన నిద్రలో కనుబొమలు బిగుసుకుంటాయి.

భార్యని చప్పుడు చెయ్యొద్దని సైగ చేశాడు. సీసపు తెలుపులో కాస్త కాషాయపు మట్టి కలిపి, నూనె చుక్క వేసి, చేతి కింద ఆనింపు కర్ర పెట్టుకుని పనిలో పడ్డాడు. ముందు తలగుడ్డ మడతలు, తర్వాత తెరిచిన నోరు, కింది పెదవి మీద తడి. ముక్కు పక్కన పుట్టుమచ్చని కూడా వదల్లేదు. యూదిత్ పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడి చూసింది.

"అచ్చం ఆవిడే. లేచిందంటే నిన్ను తంతుంది" అంది మెల్లగా.

"తన్నదులే. నవ్వుతుంది."

అప్పుడే తలుపు తీసుకుని గిలిస్ క్రోఫ్ట్ వచ్చాడు. ఊళ్ళో పెద్ద బీరు బట్టీ ఆయనది. ఈ ఇల్లూ ఆయనదే, బొమ్మా ఆయన కోసమే. బూట్లకున్న మంచు దులుపుకోలేదు, టోపీ తియ్యలేదు. బొమ్మ చూడ్డానికి వచ్చినవాడు బొమ్మని వదిలేసి కుర్చీలో పడుకున్న మనిషినే చాలాసేపు చూశాడు. తర్వాత బొమ్మ వైపు తిరిగాడు. నవ్వలేదు. తన బొమ్మ చూసి నవ్వని మనిషిని హూబెర్ట్ చూడటం అదే మొదలు.

"తాగి పడుకుందా?"

"అబ్బే, లేదయ్యగారూ. కాన్పు చేసి వచ్చింది."

"ఎవరింట్లో?"

"అలాంటివి ఆవిడ చెప్పదండి."

"చెప్పదు" అన్నాడు క్రోఫ్ట్, ఆ మాటని నోట్లో పెట్టుకుని రుచి చూస్తున్నట్టు. వేలు చాచి బొమ్మలో వేలాడుతున్న చేతిని చూపించాడు. "ఈ చెయ్యి ఊరికే ఉందేం? కింద ఒక గ్లాసు పడేయ్. చెయ్యి జారి పడ్డట్టు. ఏప్రన్ మీద వైన్ ఒలికినట్టు ఉండాలి. పక్కన గోడకి ఆవిడ కాన్పు పీట ఆనించు."

"పీట ఎందుకండీ, విందులో?"

"ఎవరో తెలియాలి కదయ్యా."

"జనం నవ్వుకుంటారండి."

"నవ్వుకోవాలనే. శనివారం మనుషుల్ని పంపిస్తా" అని వెళ్ళిపోయాడు.

బార్తా లేచి, పాలు తాగి, తన మీద తనే విసుక్కుంటూ ఇంటికి వెళ్ళింది. బొమ్మ చూడనే లేదు. ఆ సాయంత్రమే హూబెర్ట్ అల్మరాలోంచి పచ్చగాజు గ్లాసు తీసి నేల మీద పడుకోబెట్టాడు. గాజు గియ్యడమంటే అతనికి ప్రాణం. అసలు గాజుని గియ్యకూడదు, దాని వెనకున్న నేలని గీసి, అంచు మీద ఒక్క తెల్లటి చుక్క పెట్టాలి, కిటికీ వెలుగు అందులో నిలబడాలి. కాడ మీద బుడిపెలకి మూడు చుక్కలు. తర్వాత ఏప్రన్ మీద ఒలికిన వైన్, గోడకి కాన్పు పీట. చెయ్యి ఎంత హుషారుగా నడిచిందంటే, పాట కూడా వచ్చింది నోట్లో.

"అది మన గ్లాసు కదూ?" అంది యూదిత్.

"మనదే. వైన్ మాత్రం మనది కాదు. మనింట్లో వైన్ ఎక్కడేడిసింది?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తల్చుకుని తర్వాత హూబెర్ట్ సిగ్గుపడ్డాడు.

శనివారం బట్టీ మనుషులు ఇద్దరొచ్చారు. రంగు ఇంకా ఆరలేదు, పది రోజులాగండి, వేలు తగిలితే పోతుంది అని హూబెర్ట్ బతిమాలాడు. వాళ్ళు పలకని అంచులతో పట్టుకుని బండెక్కించారు. వాళ్ళలో ఒకడు గ్లాసుకేసి చూసి, "మన మంత్రసానమ్మే. పొద్దున్నే మొదలెడుతుందన్నమాట" అన్నాడు. దారి పొడుగునా బొమ్మ మీద గుడ్డ కప్పలేదు. అంగడి వీధి మీదుగా తీసుకెళ్ళారు. దగ్గర దారి అది కాదు.

ఆదివారం గుడి అయ్యాక బార్తా వచ్చింది. యూదిత్ పండగకి అమ్మే కొవ్వొత్తులు ముంచుతోంది, ఒక్కొక్క దానికి మూడు కొమ్మలు, రాజుకొకటి. ఒత్తులు కర్రకి కట్టి కరిగిన కొవ్వులో ముంచడం, ఎత్తడం, కారనివ్వడం, మళ్ళీ ముంచడం. బార్తా కూర్చోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"గుడి మెట్ల మీద చేపలావిడ అడిగింది నన్ను, ఏ వైన్ బాగుంటుందీ అని" అంది. "పదిమందిలో అడిగింది. ఏందో అనుకున్నా. తర్వాత చెప్పారు."

హూబెర్ట్ బ్రష్షులు తుడుస్తున్నవాడు ఆగాడు. "సరదాకి గీశాను పిన్నీ. నా బొమ్మల్లో అందరూ అంతే కదా. నన్ను నేనే ఎన్నిసార్లు తాగుబోతుని చేసి గీసుకోలేదు?"

"నువ్వు తాగుబోతువైతే ఎవడికేం పోయింది?" గొంతు పెంచలేదు ఆవిడ. "క్రోఫ్ట్ గారి వంటింట్లో పనిచేసే నేల్ తెలుసుగా. పోయిన ఆదివారం రాత్రి నొప్పులొచ్చాయి ఆ పిల్లకి. వాళ్ళ బట్టీ వెనకాల మొలకగింజలు ఆరబెట్టే కొట్టంలో. సోమవారం రాత్రి దాకా పట్టింది. పెళ్ళి కాని పిల్ల. పెళ్ళి కాని పిల్లయితే నేను అడగాలయ్యా. అడుగుతానని ప్రమాణం చేశాకే ఈ పని ఇచ్చారు నాకు. నొప్పి ముదిరి, అబద్ధం ఆడే ఓపిక పోయినప్పుడు అడగాలి, తండ్రెవరని. మూడుసార్లు అడగాలి."

యూదిత్ ఎత్తిన కర్రని దించడం మర్చిపోయింది. కొవ్వు చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది.

"మూడుసార్లూ ఒకటే పేరు చెప్పింది. బుధవారం పోయి న్యాయసభ గుమాస్తా దగ్గర రాయించాను."

ఆ పేరేమిటో హూబెర్ట్ అడగలేదు. మంగళవారం మధ్యాహ్నం టోపీ తియ్యకుండా నిలబడ్డ మనిషి కళ్ళముందుకొచ్చాడు. 

"గురువారం న్యాయసభలో తేలుతుంది" అంది బార్తా. "ఆయన అనేదేంటంటే, మంత్రసాని ఆ రెండు రోజులూ ఒళ్ళు తెలీకుండా తాగి ఉంది, ఏం విన్నదో దానికే తెలీదు అని. నా మాట కొట్టేస్తే బిడ్డ అనాథల ఇంటికి పోద్ది. నేల్‌ని ఊరి ద్వారం దాటిస్తారు. ఈ చలికి, పచ్చి బాలింత. నా తలుపు మీద, ఈ పనికి అనుమతని ఊరిచ్చిన ఉయ్యాల బొమ్మ బోర్డు పీకేస్తారు. ఇరవై రెండేళ్ళయింది ఆ బోర్డు పెట్టి."

"బొమ్మని పట్టుకుని న్యాయం చెప్తారా ఎవరైనా?"

"నువ్వు ఉన్నది ఉన్నట్టు గీస్తావని ఊరంతా చెప్పుకుంటారు కదయ్యా. నా పుట్టుమచ్చ కూడా పెట్టావంట." ఆవిడ ముక్కు పక్కన తడుముకుంది. "పుట్టుమచ్చ నిజమైతే గ్లాసు ఎందుకు నిజం కాదు?"

 యూదిత్ అడిగింది, "ఆ కొట్టంలో ఇంకెవరూ లేరా పిన్నీ?"

"ఉంది. దీపం పట్టుకున్న మనిషి ఉంది. మూడుసార్లూ ఆమె కూడా వింది. పేరు నేను చెప్పను. ఆమెకీ ఒక ఇల్లుంది, అందులో బతకాలి. రావాలనుకుంటే తనే రావాలి." శాలువా తల మీదికి లాక్కుంది. "నీ పురిటికి మాత్రం వస్తానమ్మా. బోర్డు ఉన్నా లేకపోయినా."

బోర్డు లేని మంత్రసాని గుమ్మం దాటితే దాటిన ఇంటిక్కూడా శిక్షే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. యూదిత్ రెండు కాన్పులూ పోయాయి. రెండోసారి యూదిత్ బతికిందంటే ఈ ముసలిదాని చేతుల వల్లే.

సోమవారం హూబెర్ట్ రంగులపెట్టె సంకలో పెట్టుకుని క్రోఫ్ట్ ఇంటికి వెళ్ళాడు. తడి రంగే కదా, గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే గ్లాసు పోతుంది, ఆ మీద నేల రంగు వేసేస్తే చాలు. దారంతా అదే లెక్క వేసుకున్నాడు. బొమ్మ పెద్ద హాలులో, భోజనాల బల్లకి ఎదురుగా, కూర్చున్న ప్రతివాడి కళ్ళూ పడేచోట వేలాడుతోంది. క్రోఫ్ట్ భార్య ఆలైదా కిటికీ పక్కన కూర్చుని వెండి చెంచాలు సుద్దపొడితో రుద్దుతోంది. సన్నటి మనిషి. ఆమె గొంతు విన్నవాళ్ళు ఊళ్ళో తక్కువ.

"చిన్న మెరుగు పెట్టాలండి, మూలన. ఒక్క గంట" అన్నాడు హూబెర్ట్.

క్రోఫ్ట్ రంగులపెట్టె వైపు చూశాడు. "ఏం మెరుగూ అక్కర్లేదు. బ్రహ్మాండంగా ఉంది. రేపు విందుకి నువ్వూ రా. న్యాయపెద్దలు ఇద్దరు వస్తున్నారు. ఈ ముసలిది మీ పొయ్యి దగ్గర ఎలా పడిపోయిందో నీ నోటితో చెబుదువుగాని. నువ్వు చెప్తే నవ్వొస్తుంది."

"అయ్యగారూ, ఆ గ్లాసు..."

"ఇల్లు వెచ్చగా ఉంటోందా?" క్రోఫ్ట్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. బరువైన చెయ్యి. "నీ ఆవిడకి నెలలు నిండాయంట కదా. పురిటికి వెచ్చటి ఇల్లు ఉండాలి. ఈ చలిలో గది వెతుక్కోవడం ఎంత కష్టం."

ఆయన లోపలికి వెళ్ళాక హూబెర్ట్ గుమ్మం వైపు నడిచాడు. వెనకనుంచి చెంచాల చప్పుడు ఆగింది.

"ముందు ఏది గీశారు?" అంది ఆలైదా, తల ఎత్తకుండా. "మనిషినా, గ్లాసునా?"

హూబెర్ట్ లోపలి తలుపు వైపు చూశాడు. ఏదో గొణిగాడు, తనకే వినపడలేదు. బయటికి వచ్చేశాడు. పిరికితనానికి ఒక రుచి ఉంటుంది, ఇనప చెంచా నాకినట్టు. ఇంటికి వెళ్ళేదాకా అది నోట్లోంచి పోలేదు.

మర్నాడు యూదిత్ పొద్దున్నే అతని మంచి కాలరుకి గంజి పెడుతూ అంది. "నిన్ను అబద్ధం ఆడమని ఎవరూ అడగరు అక్కడ. నువ్వు నవ్వితే చాలు."

పండగనాడు చీకటి పడేవేళకి క్రోఫ్ట్ ఇంట్లో పదిహేనుమంది చేరారు. వెన్న అట్లు, హంస ఆకారంలో పిండివంట, దాల్చినచెక్క వేసి కాచిన వైన్, నిప్పుగూట్లో దుంగలు. నేల మీద మూడు కొమ్మల కొవ్వొత్తి వెలిగించారు, యూదిత్ ముంచిందే. ఆడపిల్లలు పావడాలెత్తి దాని మీంచి దూకుతున్నారు. దీపం ఆరిపోకపోతే ఏడాదంతా మంచిది. ఒక దూకుడికి ఒక కొమ్మ ఆరింది. అందరూ అయ్యో అని నవ్వేశారు. హూబెర్ట్‌కి ఆ పొగ వాసన చాలాసేపు ముక్కులో నిలిచింది. నెల రోజులు తను పలక మీద గీసిన విందే ఇది. ఇప్పుడు అందులోకి తనే వచ్చి కూర్చున్నాడు, లేచి వెళ్ళే దారి తను గియ్యలేదు.

న్యాయపెద్దల్లో ఒకాయన పొట్టివాడు, కబుర్లపోగు. రెండో ఆయన పొడుగు, పళ్ళు లేవు, నెమ్మదిగా నమిలే మనిషి. ఇద్దరూ వచ్చిన దగ్గర్నుంచీ బొమ్మకేసి చూస్తున్నారు. పొట్టాయన రెండోసారి లేచి దగ్గరగా వెళ్ళి, గ్లాసు దగ్గర వంగి, "ముట్టుకుంటే తడి తగిలేట్టుందే" అన్నాడు. ఎవరూ మంత్రసాని పేరెత్తలేదు. ఎత్తే పని లేకుండా బొమ్మే చూసుకుంటోంది.

చీటీలు తీసే వేళయింది. రాజు, మంత్రి, వంటవాడు, ద్వారపాలకుడు, పాటగాడు, విదూషకుడు, అన్నీ కాగితపు ముక్కల మీద రాసి టోపీలో వేస్తారు. ఎవరి చేతికి ఏది వస్తే ఆ పూటకి వాళ్ళు అదే. టోపీ ఆలైదా పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చింది. రాజు చీటీ క్రోఫ్ట్‌కే వచ్చింది. ఎలా వచ్చిందని ఎవరూ అడగరు, ఆయన ఇల్లే కదా. హూబెర్ట్ చెయ్యి పెట్టబోతే ఆమె బొటనవేలు మిగతా చీటీలన్నిటినీ అదిమిపెట్టి ఉంది. ఒక్కటి మాత్రం విడిగా ఉంది. అదే తీశాడు. విప్పితే విదూషకుడు.

గంటల టోపీ పెట్టారు, మసి అంటేలా కాల్చిన సీసా బెండు చేతికిచ్చారు. రాజు గ్లాసెత్తినప్పుడల్లా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు "రాజు తాగుతున్నాడు" అని కేక వెయ్యాలి. వెయ్యనివాడి మొహానికి విదూషకుడు మసి పూస్తాడు. ఇంకో నియమం కూడా ఉంది. విదూషకుడి మాటని తిరగేసి అర్థం చేసుకోవాలి. వాడు అందగాడంటే కురూపి అన్నమాట.

రాజు తాగాడు. కేక లేచింది. మళ్ళీ తాగాడు. వంటవాడి చీటీ వచ్చిన వాడొకడు అట్టు నముల్తూ కేక మర్చిపోయాడు. హూబెర్ట్ వెళ్ళి ముక్కు మీద మసి పూశాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"ఏరా విదూషకా" అన్నాడు క్రోఫ్ట్, బొమ్మ వైపు గ్లాసు ఊపుతూ. "పెద్దలు అడుగుతున్నారు. ఈ ముసలిదాని కథేంటో చెప్పు."

 న్యాయపెద్ద పొడుగాయన నమలడం ఆపాడు. హూబెర్ట్ మొహం మీద నవ్వు పెట్టుకోబోయాడు, అలవాటుగా, ఇరవయ్యేళ్ళ నుంచి పెట్టుకుంటున్న నవ్వు. పొయ్యి దగ్గర తెరుచుకున్న ఆ నోరు గుర్తొచ్చింది. ఆ మనిషి రెండు రాత్రులు ఎక్కడ మోకాళ్ళ మీద కూర్చుందో ఇప్పుడు అతనికి తెలుసు. నవ్వు నిలబడలేదు.

"ఆవిడ చుక్క కూడా తాగలేదు" అన్నాడు.

బల్లంతా ఘొల్లుమంది. పొట్టాయన తొడ చరుచుకున్నాడు. తిరగేసి వింటున్నారు.

"నేను చెప్పేది వినండి. రెండు రాత్రులు నిద్రలేక పడుకుంది. గ్లాసు మా ఇంట్లోది. ఆవిడ వెళ్ళాక నేను పెట్టాను. ఏప్రన్ మీద వైన్ కూడా నేనే పోశాను, రంగుతో. మంత్రసాని మీ అందరికంటే తెలివిలో ఉంది."

"అబ్బ, చంపేశాడు" అన్నాడెవరో కళ్ళు తుడుచుకుంటూ. "తెలివిలో ఉందట."

ఎంత నిజం చెప్తే అంత నవ్వు. ఒట్టు అన్నాడు. ఇంకా నవ్వారు. తల కదిలినప్పుడల్లా టోపీ గంటలు కూడా మోగుతున్నాయి. తను ఇప్పుడు చెప్పిన ప్రతి మాటా బార్తా మీద ఇంకో గరిటె మట్టి వేసిందని హూబెర్ట్‌కి అర్థమైంది. ఆగిపోయాడు. క్రోఫ్ట్ మాత్రం నవ్వలేదు. అతన్నే చూస్తూ, తాపీగా, గ్లాసు ఎత్తి తాగాడు.

"రాజు తాగుతున్నాడు!"

కేక పైకప్పుని తాకి కిందికి వచ్చింది. అది సద్దుమణిగాక పొట్టాయన వేలు చూపించాడు. "అదిగో, అమ్మగారు అరవలేదు. విదూషకా, పని చూడు."

ఆలైదా బల్ల చివర కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. హూబెర్ట్ బెండు పట్టుకుని ఆమె దగ్గరికి నడిచాడు. యజమానురాలి మొహానికి మసి పూయడానికి చెయ్యి రావట్లేదు. ఆమే చెంప అటు తిప్పింది.

"పూయండి. అరవలేదు కదా" అంది. అతను వేలితో అంటీ అంటనట్టు ఒక గీత పెట్టాడు. ఆమె అతని మొహంలోకి చూసింది. "నిన్న నేనడిగితే మీరు జవాబు చెప్పలేదు. ఇవాళ చెప్పారు."

"ఇవాళ చెప్తే నవ్వారమ్మా."

"నేను నవ్వలేదు."

ఆమె లేచి నిలబడింది. పెద్దగా ఏమీ మాట్లాడలేదు, పాలవాడితో మాట్లాడే గొంతే. న్యాయపెద్దల వైపు తిరిగింది. "ఈయన చెప్పింది తిరగేసి వినకండి. మామూలుగా వినండి. పోయిన సోమవారం రాత్రి మా మొలకగింజల కొట్టంలో దీపం పట్టుకున్నది నేనే. మంత్రసాని మూడుసార్లు అడిగింది, చేతులు వణకలేదు. నేల్ మూడుసార్లు చెప్పింది. నేను విన్నాను. గురువారం మీరు పిలవకపోయినా వస్తాను."

నిప్పుగూట్లో దుంగ ఒకటి విరిగి పడింది. పొడుగాయన చెంచా పళ్ళెంలో పెట్టేశాడు. పొట్టాయన బొమ్మని చూశాడు, ఆలైదా చెంప మీద నల్లటి గీతని చూశాడు, ఎటూ కానట్టు కూర్చున్నాడు.

"ఆలైదా" అన్నాడు క్రోఫ్ట్. అంతే అన్నాడు. కాగితం కిరీటం చెమటకి మెత్తబడి నుదుటి మీదికి జారింది. అందరూ తనకేసే చూస్తున్నారని తెలిసి, ఏం చెయ్యాలో తోచక, చేతిలో గ్లాసు ఉంది కాబట్టి ఎత్తి తాగాడు.

ఎవరూ కేక వెయ్యలేదు.

హూబెర్ట్ కాల్చిన బెండు పట్టుకుని బల్ల మధ్య నిలబడ్డాడు. నియమం ప్రకారం ఇప్పుడు అందరి మొహాలకీ మసి పూయాలి. వచ్చే నెలకి క్రోఫ్ట్ ఇచ్చిన ఇల్లు ఉండదు. బార్తా మాత్రం వస్తుంది, ఏ గదికైనా, తన తలుపు మీద బోర్డు పోకుండానే వస్తుంది. అతను గంటల టోపీ తీసి బల్ల మీద పెట్టి, మసి వేళ్ళు మంచి కాలరుకే తుడుచుకుని, ఇంటిదారి పట్టాడు.